ఎర్ర కోటు ఏ ఏటిది? పాత బ్రిటిష్ సైనిక జాకెట్ల వయసు తేల్చే పద్ధతి

అమ్మకానికి పెట్టిన జాకెట్ పక్కన చీటీ మీద "విక్టోరియా కాలపు ట్యూనిక్, 1880 ప్రాంతం" అని రాసి ఉంటుంది. దట్టమైన ఎర్ర ఉన్ని గుడ్డ, నీలం కాలరు, తెల్ల పైపింగు, మెరిసే గుండీలు. చూడగానే నమ్మబుద్ధేస్తుంది. చేతిలోకి తీసుకుంటే గుండీలు ఇత్తడంత బరువు తూగవు. ఛాతీ మీద రెండేసి జతలుగా కుట్టి ఉంటాయి. అస్తరు మీద పదమూడు అంకెల స్టాకు నంబరు అచ్చు కనిపిస్తుంది. తేలికపాటి గుండీ అంటే ఆనోడైజ్డ్ అల్యూమినియం, 1950ల తర్వాతిది. పదమూడు అంకెలు నాటో పద్ధతి. గుండీల జతలు కోల్డ్‌స్ట్రీమ్ గార్డ్స్ గుర్తు, రాజు కాపలా రెజిమెంట్లలో (గార్డ్స్) అదొకటి. ఆ కోటు నిన్నమొన్నటిదాకా లండన్‌లో కవాతుకు తొడిగినది. నకిలీ ఏమీ కాదు, సైన్యం ఇచ్చిన అసలు కోటే. అబద్ధమల్లా దాని వయసు.

అందుకే పాత బ్రిటిష్ సైనిక జాకెట్లు సేకరించేవాళ్లు "ఇది అసలా, నకిలీయా" అనే ప్రశ్నతో మొదలుపెడితే దారి తప్పుతారు. ఒక జాకెట్‌కు ఒక్క పుట్టినతేదీ ఉండదు. గుడ్డకొకటి, కోతకొకటి, గుండీలకొకటి, వాటి మీది కిరీటానికొకటి, హోదా గుర్తులకొకటి, అస్తరు ముద్రకొకటి. ఈ తేదీలన్నీ ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా అన్నదే అసలు ప్రశ్న. కలవకపోతే వాటిలో అన్నిటికంటే కొత్తది ఏదో చూడాలి. ఆ జాకెట్ ఇప్పుడున్న రూపానికి వచ్చింది అంతకుముందు కాదు.

ఏవి మిగిలాయి, ఏవి మిగల్లేదు

ఇంగ్లండులో ఎర్ర కోటు సైన్యమంతటికీ ఉమ్మడి దుస్తు అయింది 1645 నాటి న్యూ మోడల్ ఆర్మీతో. అయితే మామూలు సైనికుడి పాత కోటు మనదాకా రావడం చాలా అరుదు. కారణం సులువైనదే. అతనికి ఏటా కొత్త కోటు ఇచ్చేవారు. పాతదాన్ని కత్తిరించి పొట్టి జాకెట్లు, టోపీలు, అతుకులు చేసుకునేవారు. అరిగిపోయేదాకా వాడటమే ఆ గుడ్డకు రాసిపెట్టి ఉంది. ఆఫీసరు సంగతి వేరు. కోటు సొంత డబ్బుతో కుట్టించుకునేవాడు, రిటైరైతే రేకు పెట్టెలో దాచుకునేవాడు. ఇవాళ కనిపించే పాత ఎర్ర కోట్లలో ఆఫీసర్లవే ఎక్కువ ఉండటానికి కారణం ఇదే. 1855కు ముందుదంటూ సైనికుడి కోటు ఎవరైనా చూపిస్తే అనుమానంతోనే మొదలుపెట్టాలి.

దీనికి తలకిందులుగా, 1902 నుంచి 1914 వరకు సైనికులకు ఇచ్చిన ఎర్ర ట్యూనిక్‌లు బాగానే దొరుకుతాయి. 1914లో యుద్ధం రాగానే ఆడంబర దుస్తులు పక్కన పెట్టారు. యుద్ధం అయిపోయాక గార్డ్స్‌కు, బ్యాండువాళ్లకు తప్ప మిగతా సైన్యానికి వాటిని తిరిగి ఇవ్వలేదు. గోదాముల్లో మిగిలినవే తర్వాత బయటికొచ్చాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఈ పన్నెండేళ్ల కాలమే మంచి బడి అని నా అభిప్రాయం. పోల్చి చూసుకోవడానికి సరిపడా నమూనాలు ఉంటాయి.

ఎర్ర కోటుతో తెలుగువాళ్లకు ఒక చుట్టరికం ఉంది. 18వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ మద్రాసు వైపు నుంచి బెంగాలుకు తరలించిన సిపాయిల్లో తెలుగువాళ్లు ఉండేవారు. దాంతో ఐరోపా తరహా కోటు తొడిగి కవాతు చేసే సిపాయి ఏ ఊరివాడైనా సరే, అక్కడి జనం "తిలంగా" అనే పిలిచారు. మన పేరు అక్కడ ఒక దుస్తుకు పేరైంది.

రంగు ఏం చెబుతుంది

ఎరుపు ఒక్కటే ఏమీ నిరూపించదు. రైఫిల్ రెజిమెంట్లది నలుపుకు దగ్గరైన ముదురాకుపచ్చ. రాయల్ ఆర్టిలరీది ముదురు నీలం. గుర్రపు దళాలైన హుస్సార్లు, లాన్సర్లు నీలం తొడిగేవారు, ఒక్క 16వ లాన్సర్లు తప్ప. వాళ్లది ఎరుపే. బరువు గుర్రపు దళాలు ఎరుపైతే, వాటిలో 6వ డ్రాగూన్ గార్డ్స్ నీలం. ఇలాంటి మినహాయింపులు తెలియకపోతే అసలైన కోటునే నకిలీ అని పక్కన పెట్టేస్తాం.

ఎరుపులోనూ రెండు రకాలున్నాయి. సైనికుడి గుడ్డకు మేడర్ వేరు రంగు వేసేవారు. మన మంజిష్ఠకు అది దగ్గరి చుట్టం. ఆ ఎరుపు ఇటుక రంగు వైపు మొగ్గుతుంది. ఆఫీసరు గుడ్డకు కోచినీల్ అనే పురుగు నుంచి తీసిన రంగు, తగరం లవణంతో పట్టించేవారు. అది నిప్పులా మండే ఎరుపు. 1870లలో సైనికులకూ ఆ మండే ఎరుపు వచ్చింది. కాబట్టి ఇటుక రంగు కోటును 1840 నాటి ఆఫీసరుదంటే నమ్మడం కష్టం. కోచినీల్ రంగుకు ఇంకో గుణం ఉంది. సబ్బులాంటి క్షారం తగిలితే ఊదా వైపు తిరుగుతుంది. ఎవరో శుభ్రం చేద్దామని సబ్బు రాసిన చోట ఊదా మచ్చ ఉండిపోతుంది, ఇక పోదు.

కాలరు, కఫ్‌ల రంగును ఫేసింగ్ అంటారు. 1881కి ముందు ఒక్కో రెజిమెంటుకు ఒక్కో రంగు. ఆ ఏడు జరిగిన సంస్కరణలతో కాలిబలగమంతా నాలుగు రంగుల్లోకి వచ్చింది. ఇంగ్లండు, వేల్స్ రెజిమెంట్లకు తెలుపు, స్కాట్లాండుకు పసుపు, ఐర్లండుకు ఆకుపచ్చ, రాయల్ అన్న బిరుదున్నవాటికి నీలం. రెజిమెంట్లకు ఇది మింగుడుపడలేదు. కొన్ని పట్టుబట్టి పాత రంగు వెనక్కి తెచ్చుకున్నాయి. బఫ్స్ అని పిలిచే ఈస్ట్ కెంట్ రెజిమెంటుకు 1890లో లేత గోధుమ రంగు తిరిగొచ్చింది. నార్తంబర్లండ్ ఫ్యూజిలియర్స్‌కు 1899లో వాళ్ల ఆకుపచ్చ తిరిగొచ్చింది. ఇలాంటి తేదీలు చేతిలో ఉంటే జాకెట్ వయసు కొద్ది ఏళ్ల తేడాలోకి ఇరుక్కుంటుంది.

కిరీటం, నక్షత్రం, గుండీ

గుండీ మీద, హోదా గుర్తుల్లో ఉండే కిరీటాన్ని భూతద్దంతో చూడాలి. విక్టోరియా కిరీటం 1901 దాకా. దాని కమానులు పైన మధ్యలో కాస్త నొక్కినట్టు దిగి ఉంటాయి. 1901 నుంచి 1952 దాకా వచ్చిన కిరీటం కమానులు నున్నగా గుండ్రంగా పైకి లేస్తాయి. 1953 నుంచి ఎలిజబెత్ కాలంలో వాడిన కిరీటానికి మళ్లీ మధ్యలో పల్లం ఉంది. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. పల్లం ఉన్న రెండు కిరీటాలకూ మధ్య యాభై ఏళ్ల దూరం ఉంది. 2022 తర్వాత ఛార్లెస్ రాజు ఎంచుకున్నది మళ్లీ గుండ్రని కమానులదే. అందుకని కిరీటాన్ని ఒంటరిగా నమ్మకూడదు. గుండీ లోహంతో, అస్తరు ముద్రతో కలిపి చదవాలి.

ఆఫీసరు హోదా గుర్తులు 1855 నుంచి 1880 దాకా కాలరు మీద ఉండేవి. 1880లో భుజం మీది మెలితిప్పిన బంగారు తాళ్ల మీదికి వెళ్లాయి. 1902లో నక్షత్రాల లెక్క మారింది. అంతకుముందు లెఫ్టినెంటుకు ఒకటి, కెప్టెనుకు రెండు. 1902 నుంచి సెకండ్ లెఫ్టినెంటుకు ఒకటి, లెఫ్టినెంటుకు రెండు, కెప్టెనుకు మూడు. అంటే భుజాన రెండు నక్షత్రాలుంటే అది 1902కు ముందు కెప్టెను, తర్వాత లెఫ్టినెంటు. ఈ ఒక్క మార్పు తెలియక కోటు ఎవరిదో తప్పుగా రాసిన చీటీలు కోకొల్లలు.

కోత విషయానికొస్తే 1855 పెద్ద గీత. అంతకుముందు కోటీ. ముందు నడుము దాకా కత్తిరించి, వెనక తోకలు వేలాడేది. ఆఫీసర్ల బంగారు భుజకుచ్చులు కూడా 1855తోనే పోయాయి. తర్వాత నడుము కింద చుట్టూ గుడ్డ ఉండే ట్యూనిక్ వచ్చింది. మొదట రెండు వరుసల గుండీలు, ఏడాదిలోనే ఒక వరుస. సైనికుల కఫ్‌లు 1868 నుంచి మొనదేలి ఉంటాయి, 1881లో గుండ్రంగా మారతాయి, 1902లో మళ్లీ మొన వస్తుంది. మొన ఉన్న కఫ్ చూడగానే 1870ల జూలూ యుద్ధం నాటిదని చెబుతుంటారు. 1902 తర్వాతిదయ్యే అవకాశమే ఎక్కువ. అయిదు గుండీల పలుచటి సెర్జ్ జాకెట్ ఉంటే అది ట్యూనిక్ కాదు, ఫ్రాక్. ఇండియాలాంటి వేడి చోట్ల రోజువారీ తొడుగు అదే.

గుండీలే అన్నిటికంటే ఎక్కువ చెబుతాయి, అన్నిటికంటే సులువుగా మారేవీ అవే. 1855 దాకా సైనికుడివి ప్యూటర్ అనే తగరపు మిశ్రమ లోహం గుండీలు, ఆ తర్వాత ఇత్తడివి. రెజిమెంటు నంబరున్న గుండీలు కాలిబలగం సైనికులకు 1871 దాకా ఇచ్చారు. ఆపై అందరికీ రాజముద్ర గుండీ వచ్చింది. ఆఫీసర్లు మాత్రం 1881 దాకా నంబరు గుండీలే వాడారు. మద్రాసు ఫ్యూజిలియర్లను తీసుకోండి. కంపెనీ యూరోపియన్ దళంగా మొదలై, రాణి సైన్యంలోకి వచ్చాక 1862 నుంచి 1881 దాకా 102వ రెజిమెంటు. తర్వాత రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్ మొదటి బెటాలియన్. 1922లో రద్దు. ఈ దళపు 102 అంకె గుండీ ఆఫీసరుదైతే ఆ పంతొమ్మిదేళ్లే చోటు, సైనికుడిదైతే 1871 దాకానే. బంగారు జరీయా, వెండి జరీయా అన్నదీ చూడాలి. 1830 నుంచి స్థిర సైన్యం ఆఫీసర్లకు బంగారం, మిలీషియాకు, అంటే అవసరానికి పిలిచే స్థానిక బలగానికి, వెండి. 1830 తర్వాతి ఎర్ర కోటుకు వెండి జరీ ఉండి, స్థిర సైన్యం గుండీలు ఉన్నాయంటే ఎవరో మార్చినట్టే.

గుండీ వెనక తయారీదారు పేరు, చాలాసార్లు వీధి చిరునామా అచ్చు ఉంటాయి. ఫర్మిన్, జెన్నెన్స్, గాంట్ పేర్లు తరచు కనిపిస్తాయి. కంపెనీ ఎప్పుడు ఏ చిరునామాలో ఉందో తెలిస్తే గుండీ వయసు తెలుస్తుంది. ఆ అచ్చు చూడటానికి గుండీ తెంపకండి. పళ్ల డాక్టరు వాడే చిన్న అద్దం, సన్నటి టార్చి చాలు.

గుండీ కింద గుడ్డ ఇంకా ముఖ్యం. నూరేళ్లు ఒకే గుండీ ఉన్న చోట ఉన్ని మీద గుండ్రటి నొక్కు పడుతుంది. ఆ వలయం లోపల రంగు వెలవకుండా తాజాగా ఉంటుంది. ఇప్పుడున్న గుండీ ఆ వలయం కంటే చిన్నదైనా పెద్దదైనా, పక్కన పాత సూది రంధ్రాలున్నా, గుండీ తర్వాత వచ్చిందే. అయితే మార్చిన ప్రతిదీ మోసం కాదు. 1901లో రాజు మారాక చాలా కోట్లకు కొత్త కిరీటం గుండీలు కుట్టారు. పాత దారమే, ఒకేలా అరిగిన గుండీలే ఉంటే అది ఆ కాలపు మార్పు. అలాంటివాటికి నేనైతే విలువ తగ్గించను. కోటు కొలువులో కొనసాగిందనడానికి అవే సాక్ష్యం.

అస్తరు లోపల

సైనికుడి కోటు అస్తరు మీద తయారీదారు, సైజు, ఏడు, తనిఖీ ముద్రలు, బ్రాడ్ యారో అనే బాణం గుర్తు ఉంటాయి. లండన్‌లోని పిమ్లికో దుస్తుల డిపో ముద్ర తరచు కనిపిస్తుంది. బాణం కింద ఇంగ్లిషు ఐ అక్షరం ఉంటే అది ఇండియా ప్రభుత్వ సరుకు. సిరా నూలులోకి ఇంకి, అంచులు కాస్త చెదిరి ఉండాలి. పైన తేలినట్టు నల్లగా నిగనిగలాడుతుంటే అనుమానించాలి.

ఆఫీసరు కోటుకు లోపలి జేబులో దర్జీ చీటీ ఉంటుంది. దాని మీద చేత్తో రాసిన పేరు, తేదీ. హాక్స్ కంపెనీ చీటీ మీద 14 పికడిలీ అని ఉంటే అది పాత చిరునామా. 1 సావిల్ రో అని ఉంటే 1912కు ముందుది కాదు. గీవ్స్ అండ్ హాక్స్ అని ఉంటే 1974 తర్వాతిదే, ఎందుకంటే ఆ రెండూ కలిసింది ఆ ఏడు.

ఇప్పుడు అన్నీ కలిపి ఒకటి చదువుదాం. ఎర్ర ట్యూనిక్, బంగారు జరీ, ఈస్ట్ కెంట్ రెజిమెంటు గుండీలు, కాలరూ కఫ్‌లూ తెలుపు, భుజాన తాళ్ల మీద రెండు నక్షత్రాలు. తెల్ల ఫేసింగ్ అంటే 1881కి ముందు కాదు. ఆ రెజిమెంటుకు 1890లో పాత రంగు తిరిగొచ్చింది కాబట్టి ఆ తర్వాతా కాదు. 1902కు ముందు కాబట్టి రెండు నక్షత్రాలంటే కెప్టెను. జేబులో చీటీ మీద పేరుంటే, 1881 నుంచి 1890 దాకా ఉన్న ఆర్మీ లిస్టుల్లో, అంటే ఆఫీసర్ల పేర్లు అచ్చువేసిన జాబితాల్లో, ఆ రెజిమెంటు కెప్టెన్ల వరుస చూడాలి. స్కాట్లాండ్ నేషనల్ లైబ్రరీ పాత ఆర్మీ లిస్టులను ఆన్‌లైన్‌లో ఉంచింది. పేరు అక్కడ దొరికిందంటే కోటుకు మనిషి దొరికినట్టు. అదే కోటు మీద గుండ్రని కమానుల కిరీటం గుండీలు కనిపిస్తే మాత్రం ఆగాలి. 1901 తర్వాతి గుండీ 1890కి ముందు కోటు మీదికి ఎలా వచ్చిందో తేలేదాకా డబ్బు చెల్లించకూడదు.

కలిపి కుట్టినవి, కొత్తగా కుట్టినవి

పూర్తి నకిలీ కంటే ప్రమాదం సగం అసలు. గార్డ్స్ కొత్త ట్యూనిక్‌కు పాత గుండీలు మార్చి అమ్మడం మామూలే. గార్డ్స్‌లో గ్రెనేడియర్లకు గుండీలు ఒక్కొక్కటి, కోల్డ్‌స్ట్రీమ్‌కు రెండేసి, స్కాట్స్‌కు మూడేసి, ఐరిష్‌కు నాలుగేసి, వెల్ష్‌కు అయిదేసి. గుండీలు సమానంగా సర్ది కుట్టినా కాజాలు పాత చోటే ఉండి గుట్టు విప్పుతాయి.

సినిమా కోట్లు ఇంకో రకం. బెర్మన్స్ అండ్ నాథన్స్ లాంటి దుస్తుల సంస్థల చీటీలు లోపల ఉంటాయి. చీటీ పీకేస్తే నాలుగు మూలలా కుట్టు గుర్తులైనా మిగులుతాయి. 1960లలో పాత సైనిక జాకెట్లు లండన్ కుర్రకారు ఫ్యాషన్ అయ్యాయి. పోర్టొబెల్లో రోడ్డులోని ఐ వాజ్ లార్డ్ కిచెనర్స్ వ్యాలెట్ అనే కొట్టు దానికి పేరుపడింది. జిమీ హెండ్రిక్స్ తొడిగిన జాకెట్ కూడా అక్కడిదే. అప్పుడు ఎన్నో అసలు కోట్ల నడుము బిగించారు, కాలరు కత్తిరించారు. పక్క కుట్ల దారం మిగతా దారంతో కలుస్తుందా అని చూడండి. పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో జరీ బ్యాడ్జీలు, కొత్త జాకెట్లు చక్కగా కుడతారు. కొత్తవని చెప్పి అమ్మితే తప్పేం లేదు. టీ నీళ్లలో ముంచి, మోచేతులు గరుకు కాగితంతో రుద్ది అమ్మితేనే సమస్య.

అసలు అరుగుదల ఎక్కడ ఉంటుందో తెలిస్తే ఆ వేషం నిలవదు. కాలరు లోపలి చెమట, చంకల కింద గట్టిపడిన అస్తరు, కఫ్ అంచులు, బెల్టు రాసిన గీత, కత్తి తగిలే ఎడమ పక్క. భుజం పట్టీ ఎత్తి చూస్తే దాని కింద ఎరుపు ముదురుగా ఉండాలి. చిమ్మెట పురుగు ఉన్నిని పైపైన గీరినట్టు తింటుంది, నూలు జోలికి మామూలుగా పోదు. ఉన్నికీ నూలు అస్తరుకూ కలిపి ఒకే చోట నున్నటి రంధ్రం ఉంటే అది పురుగు పని కాదు. 19వ శతాబ్దపు మంచి కోటు గుడ్డ ఎంత గట్టిగా దంచినదంటే అంచు మడవకుండా కోసి వదిలేసినా దారం ఊడదు. తోకల అంచు, కఫ్ అంచు పచ్చి కోతగా ఉంటే అది మంచి సూచన. అక్కడ మిషను మీద మడిచి కుట్టి ఉంటే ఎందుకో అడగాలి. 1850లకు ముందు కోటులో మిషను కుట్టు అసలు ఉండకూడదు.

చీకట్లో 365 నానోమీటర్ల యూవీ టార్చి వేస్తే కొత్త దారం, కొత్త చీటీ నీలంగా వెలుగుతాయి. ఇది 20వ శతాబ్దం మధ్య నుంచి వాడకంలోకి వచ్చిన తెలుపుమందు వల్ల. ఇందులో ఒక చిక్కుంది. పాత అస్తరును ఈ కాలపు డిటర్జెంటుతో ఉతికినా వెలుగుతుంది. గుడ్డంతా సమానంగా వెలిగితే ఉతుకు కావచ్చు, కుట్టు దారం ఒక్కటే గీతలా వెలిగితే కొత్త కుట్టు. అప్పటికే ఊడిన దారపు పోగు ఉంటే, యజమాని ఒప్పుకుంటే, దాన్ని కాల్చి చూడొచ్చు. నూలు బూడిదవుతుంది, పాలియెస్టర్ కరిగి గట్టి పూసవుతుంది.

ఖాకీ సంగతి క్లుప్తంగా. 1840లలో పెషావరు వైపు గైడ్స్ దళంతో మొదలై, 1902లో మొత్తం సైన్యానికి సర్వీస్ డ్రెస్‌గా, అంటే కొలువులో తొడిగే దుస్తుగా, స్థిరపడింది. మొదటి ప్రపంచ యుద్ధపు సైనికుడి జాకెట్ అసలుది దొరకడం కష్టం. నకళ్లు, 1922 నమూనాను సవరించినవి ఎక్కువ. 1937 తర్వాతి బ్యాటిల్‌డ్రెస్ అనే పొట్టి ఖాకీ జాకెట్ దొరుకుతుంది గానీ దాని చీటీలను కొత్తగా అచ్చు వేసి కుడుతున్నారు. చీటీ కింద గుడ్డ రంగు చూడటం మరవకండి.

ఇంటికి తెచ్చాక

మొదట బీరువాలో పెట్టకండి. ఒక్క జాకెట్‌తో వచ్చిన చిమ్మెట పట్టుచీరలను కూడా తినేస్తుంది. మందపాటి పాలిథిన్ సంచిలో గాలి తీసి మూసి, ఇంటి ఫ్రీజరులో మైనస్ 18 డిగ్రీల దగ్గర కనీసం రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక సంచి విప్పకుండా ఒక రోజు అలాగే వదలాలి. లేకపోతే గాలిలో తేమ చల్లని ఉన్ని మీద నీరై పడుతుంది. పాత కోట్లలో ఒకప్పుడు చల్లిన పురుగుమందులు ఉండొచ్చు కాబట్టి చేతులకు గ్లౌజు, ముఖానికి మాస్కు తప్పనిసరి. దుమ్ము తీయడానికి వాక్యూమ్ గొట్టం మూతికి పలుచటి వల కట్టి, తక్కువ లాగుడుతో వాడాలి.

ఉతకడం, డ్రైక్లీనింగ్, ఇస్త్రీ మూడూ వద్దు. జరీకి చింతపండు, నిమ్మ, బ్రాసో ఏదీ తగలకూడదు. పట్టుచీర జరీలాగే ఇదీ దారం చుట్టూ చుట్టిన సన్నటి లోహపు తీగ, మెరుగు పెడితే పూత ఊడి నల్లబడుతుంది. ఆఫీసరు గుండీల మీద బంగారు పూత కూడా అంతే పలుచన. బ్రాసో గుడ్డలోకి దిగితే తెల్లటి పొడిగా ఎండి, లోహంతో కలిసి పచ్చగా చిలుము పడుతుంది.

జరీ బరువున్న కోటును హ్యాంగరుకు వేలాడదీస్తే భుజం కుట్లు తెగుతాయి. పెట్టెలో పడుకోబెట్టి, చేతుల్లో ఆమ్లం లేని టిష్యూ కాగితం చుట్టలు పెట్టాలి. అది దొరక్కపోతే గంజి పెట్టని, బాగా ఉతికిన తెల్ల నూలు పంచె చాలు. వార్తాపత్రిక మాత్రం వద్దు. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మేలు. 65 దాటితే బూజు. విశాఖ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్లలో వానాకాలమంతా సిలికా జెల్ మారుస్తూ ఉండాల్సిందే. కలరా ఉండలు పెట్టి నిశ్చింతగా ఉండొద్దు. సందులున్న బీరువాలో వాటి ఆవిరి పురుగును చంపేంత చిక్కబడదు, మన ఊపిరికి మాత్రం చేటు.

ఇండియాలో దొరికిన కోటు నూరేళ్లు దాటినదైతే 1972 నాటి పురావస్తువుల చట్టం గుర్తుంచుకోవాలి. చారిత్రక ఆసక్తి ఉన్న అంత పాత వస్తువును వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు. సికింద్రాబాదు కంటోన్మెంటు ఇంట్లో దొరికిన ట్యూనిక్‌ను లండన్‌లోనో డాలస్‌లోనో ఉన్న బంధువులకు సూట్‌కేసులో పంపితే నేరం.

చివరి పని, కోటుకు ఒక చీటీ. పిన్నుతో కాదు, మెత్తటి నూలు టేపుతో కాజాకు కట్టాలి. పెన్సిలుతో రాయాలి. ఎవరి దగ్గర కొన్నారు, ఏ రోజు, అప్పుడు ఏ గుండీలు లేవు, వాటి స్థానంలో మీరు ఏవి కుట్టారు, ఏ దారంతో కుట్టారు. ఆ చీటీ లేకపోతే, మీరు పెట్టిన గుండీ కింద ముప్పయ్యేళ్ల తర్వాత కూడా ఓ వలయం పడుతుంది. అప్పుడు దాన్ని చూసేవాళ్లు అది మొదటి నుంచీ ఉన్న గుండీయే అనుకుంటారు.